ఐదో గొట్టం

సినిమా హాల్లో విలన్ తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చినప్పుడు మన కుర్చీ అదురుతుంది చూశారూ, ఆ అదురంటే నాకు చిన్నప్పటినుంచీ పిచ్చి. కొందరికి హీరోయిన్ పిచ్చి, కొందరికి ఫైటింగుల పిచ్చి. నాది బేస్ పిచ్చి! పాట మొదలవగానే అందరూ తెర వైపు చూస్తూ వుంటే, నేను కళ్లు మూసుకుని ఆ దడదడ ఏ మూలనుంచి వస్తోందా అని వెతుక్కునేవాణ్ణి. "నిద్రొస్తే ఇంటికి పోయి పడుకోరాదుటయ్యా" అని పక్కసీటు పెద్దమనిషి విసుక్కున్న సందర్భాలు కూడా లేకపోలేదు.

ఈ పిచ్చి నా ఒక్కడిదే అనుకుంటే పొరపాటు. హాలీవుడ్ వాళ్లకీ వుంది. 1974లో యూనివర్సల్ వాళ్లు 'ఎర్త్‌క్వేక్' అనే సినిమా తీశారు. పేరుకి తగ్గట్టే భూకంపం కథ. భూకంపాన్ని చూపిస్తే చాలదు, ప్రేక్షకుణ్ణి కుర్చీతో సహా కుదిపెయ్యాలి అనుకున్నారు. 'సెన్సరౌండ్' అని పేరు పెట్టి, హాళ్లలోకి బీరువాలంత బేస్ స్పీకర్లు దింపి, చెవికి వినపడీ వినపడని అడుగు శబ్దాల్ని జనం మీదికి వదిలారు. ఆ స్పీకర్లు తయారుచేసిన సెర్విన్ వేగా కంపెనీ పేరే తరవాత కార్ల డిక్కీల్లోకి కూడా ఎక్కింది. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ వచ్చాక ఆ అదురుకి శాశ్వతంగా ఓ గదే కేటాయించారు. 'ఫైవ్ పాయింట్ వన్' అంటారే, అందులో ఆ చివరి 'పాయింట్ వన్' మా బేస్ పిచ్చివాళ్ల వాటా అన్నమాట!

సరే, హాల్లో అదురు హాల్లోనే వుంటుంది. దాన్ని మన వెంట తీసుకుపోవడం ఎలా? ఇంట్లో పెడితే పక్కవాటా వాళ్లు బతకనివ్వరు. అందుకని నా కళ్లు నా పాత మారుతి కారు మీద పడ్డాయి. ఇది 2019 నాటి సంగతి. దానికి తోడు ఓ మంచి సాకు కూడా దొరికింది. ఆ సాకు మా నాన్నగారు.

మా నాన్నగారిది తణుకులో మైకుసెట్టు. ఆ 'ఎర్త్‌క్వేక్' వచ్చిన ఏడాదే, 1974లో మొదలుపెట్టి 1998 దాకా నడిపారు. పెళ్లిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, ఎన్నికల రిక్షాలు - ఏది వచ్చినా వెళ్లేవారు. పెద్ద పెద్ద అల్యూమినియం హారన్లు వుండేవి. మా వూళ్లో వాటిని గొట్టాలనేవాళ్లు. ఇరవై నాలుగేళ్లు ఆ గొట్టాల పక్కనే నిలబడ్డ చెవులు మరి వూరికే వుంటాయా? నెమ్మదిగా మొరాయించాయి. మేం ఓ మాట అంటే ఆయనకి ఇంకో మాట వినపడేది. టీవీలో పాట వస్తే లేచి వరండాలోకి వెళ్లిపోయేవారు. పాటలమ్మి మమ్మల్ని పెంచిన మనిషికి పాటే అక్కర్లేకుండా పోయింది!

హైదరాబాదు రప్పించి చెవుల డాక్టరుకి చూపించాను. ఆయన ఓ గీతల కాగితం చేతిలో పెట్టారు. బరువైన శబ్దాల దగ్గర గీత బాగానే వుంది. 4000 హెర్ట్జ్ దగ్గర నూతిలో పడ్డట్టు పడిపోయింది. మోతలో పనిచేసిన వాళ్ల చెవులు ముందుగా దెబ్బతినేది అక్కడేనట. 'స', 'ష', 'త' లాంటి అక్షరాలకి పదును ఆ పై శబ్దాల్లోనే వుంటుంది. అవి పోతే పాట వినపడుతుంది గాని మాట తెలియదు. మిషను పెట్టుకోమన్నారు డాక్టరుగారు. నాన్నగారు తలూపి, కొనిపించుకుని, జేబులో పెట్టుకున్నారు. చెవిలో మాత్రం పెట్టుకోలేదు.

నాకో ఆలోచన తట్టింది. పై శబ్దాలు పోతే పోయాయి, అడుగు శబ్దాలు మిగిలే వున్నాయిగా? బేస్ గిటారు లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. కారు తలుపుల్లో వుండే చిన్న స్పీకర్లు అంత లోతుకి దిగలేవు. సబ్‌ఊఫర్ పెడితే చెవితో పాటు వెన్నుతో కూడా వినొచ్చు. నాన్నగారికి 'గీతాంజలి' పాటలంటే ప్రాణం. 1989లో ఆ క్యాసెట్టు అరిగిపోతే మళ్లీ కొన్నారు. ఇళయరాజా బేస్ గిటారుని ఆయన వీపుకి వినిపించి, తణుకులో దింపి వద్దామనుకున్నాను. పుత్రోత్సాహం అంటే ఇదే కాబోలు!

శనివారం సాయంత్రం ఓ షాపుకి వెళ్లి పన్నెండంగుళాల సబ్‌ఊఫర్లు రెండు, వాటిని వాయించడానికి ఓ యాంప్లిఫయరు కొన్నాను. అట్టపెట్టె మీద '2000 వాట్స్' అని సినిమా పోస్టరంత అక్షరాలతో వుంది. లోపల కాగితం మీద చీమ తలకాయంత అక్షరాలతో ఇంకేదో వుంది. సినిమా అయిపోయాక పడే పేర్లు మనం చదువుతామా? ఇదీ అంతే, చదవలేదు.

బిగించే కుర్రాడు హుషారుగా అడిగాడు. "అన్నా, వైర్లన్నీ కలిపి ఒక ఓమ్‌కి దించుతా. పవర్ డబల్ అయితది. బేస్ ఎట్లుంటదో చూడు!"

ఓమ్ అంటే నాకు తెలిసింది పూజలో చదివేది ఒక్కటే. అయినా డబల్ అన్న మాట వినపడ్డాక వెనక్కి తగ్గుతానా? "దించెయ్ తమ్ముడూ" అన్నాను.

ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరాం. విజయవాడ రోడ్డెక్కాక పాట పెట్టాను. మొదట్లో బాగానే వుంది. నాన్నగారు తల తిప్పి నా వైపు చూశారు. ఆ చూపుతో నాకు రెక్కలొచ్చినట్టయింది. పెంచాను. పాట టక్కున ఆగింది. యాంప్లిఫయరుకి ఎర్రలైటు వుంటుంది, తట్టుకోలేనప్పుడు అది వెలిగించుకుని పని ఆపేస్తుంది. నాకదేం తెలుసు? కారాపి, మళ్లీ ఆన్ చేసి, ఇంకాస్త పెంచాను. రెండోసారీ ఆగింది. మూడోసారి సూర్యాపేట దగ్గర పడుతుండగా -

"ఒరేయ్, ట్రాన్సిస్టరు కాల్తోంది. బండి ఆపు!" అన్నారు నాన్నగారు.

నాకింకా వాసన కూడా తగల్లేదు. ఆపి డిక్కీ తీసేసరికి నల్లగా పొగ! చెవులు పోయినా ఆ ముక్కు మాత్రం మైకుసెట్టు వాడి ముక్కే మరి. క్షణంలో బ్యాటరీ తీగ విప్పించారు. పద్దెనిమిది వేలు పెట్టి కొన్న పెట్టె పద్దెనిమిది గంటలైనా బతకలేదు.

రోడ్డు పక్క హోటల్లో టీ తాగుతూ నాన్నగారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"ఓమ్స్ ఎన్ని?"

నేను నోరు తెరిచాను. మూశాను. ఆయనకి వినపడలేదనుకుని మళ్లీ అడిగారు. వినపడకేం, చెప్పడానికి నా దగ్గరుంటేగా!

ఆయన టీ గ్లాసు పక్కకి జరిపి మొదలుపెట్టారు. "మన కాలువ చూశావుగా. గట్టు మోయగలిగినంతే నీళ్లు. యాంప్లిఫయరు ఆ కాలువ. స్పీకరు తూము. తూము నీటిని ఎంత బిగబడుతుందో అదే ఓమ్. ఓమ్ పెద్దదయితే తూము ఇరుకు, కొంచెం నీరే పారుతుంది. ఓమ్ చిన్నదయితే తూము బారలు తీసినట్టే. పక్కపక్కన రెండు తూములు తెరిచావనుకో, నీరు రెండింతలు లాగుతాయి. అది ప్యారలల్. ఒక తూములోంచి వచ్చిన నీరే ఇంకో తూములోంచి కూడా పోవాలంటే బిగువు రెండింతలు. అది సీరీస్. మన సీరియల్ బల్బుల సెట్టు లేదూ, ఒకదాని తోక ఇంకోదాని మూతికి? అలాగన్నమాట. తూములన్నీ పక్కపక్కన బార్లా తెరిచి, కాలువ తెగిందేవిటా అని ఏడిస్తే ఎలా?"

ఇరవయ్యేళ్లుగా ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు.

తణుకు చేరాక అమ్మ భోజనానికి పిలుస్తున్నా వినిపించుకోకుండా (ఈసారి నిజంగానే కావాలని!) అటక మీంచి పాత ట్రంకుపెట్టె దింపించారు. అందులో మీటరు, దానికి ఎర్రతీగ, నల్లతీగ. ముందు రెండు తీగల మొనలూ కలిపి చూశారు. సున్నా బదులు 0.2 చూపించింది. "ఇది తీగల సొంత బిగువు. లెక్కలోంచి తీసెయ్యాలి" అన్నారు.

ఒక్కో సబ్‌ఊఫర్లోనూ రెండేసి కాయిల్స్ వున్నాయి. ఒక్కోటీ 4 ఓమ్స్ అని రాసి వుంది. మీటరు మాత్రం 3.6 అంది. "దొంగసరుకు అంటగట్టారా?" అన్నాను. "కాదు. మీటరు చూపించేది తీగ బిగువు ఒక్కటే. పాట వెళ్తున్నప్పుడు ఆ లెక్క శబ్దాన్ని బట్టి పైకీ కిందికీ మారుతూ వుంటుంది. 4 అనేది వాడుకకి పెట్టుకున్న లెక్క" అన్నారు. తరవాత ఆ కుర్రాడు కలిపినట్టే నాలుగు కాయిల్సూ కలిపి చూపించారు. 0.9! అంటే వాడుక లెక్కలో ఒక్క ఓమ్. అప్పుడు నా చేత ఆ చీమ తలకాయ అక్షరాలు చదివించారు. 4 ఓమ్స్ దగ్గర 300 వాట్స్, 2 ఓమ్స్ దగ్గర 500 వాట్స్. ఆ కింద - 2 ఓమ్స్ కంటే తగ్గరాదు.

"మరి పెట్టె మీద రెండు వేలుందే?"

"పోస్టరు మీద హీరో రెండంతస్తుల ఎత్తుంటాడు. మనిషి ఆరడుగులేగా! లోపల ఆర్.ఎమ్.ఎస్. అని రాసిందే అసలు ఎత్తు."

వోల్టేజి అంతే వుండి ఓమ్స్ సగమైతే కరెంటు రెండింతలవుతుంది. 500 వాట్స్ పాడించడానికే ఈ రకం యాంప్లిఫయరు బ్యాటరీ నుంచి సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. కారు హెడ్‌లైట్లు జతకి తీసుకునేది 9 ఆంపియర్లు. అంటే అయిదు జతల హెడ్‌లైట్లంత! అక్కడికే దాని ఊపిరి సరి. నేను ఇంకో ఓమ్ కిందికి తోశాను. ఎర్రలైటు వేసి రెండుసార్లు వద్దు మొర్రో అంది. నేను వినలేదు. నిజానికి ఆ కారులో చెవిటివాడు ఎవరంటారు?

"అయితే 2 ఓమ్స్‌కి కలుపుదాం" అన్నాను తెలివిగా.

"కలపలేవు" అని కాగితం మీద రాసి చూపించారు. నాలుగు 4 ఓమ్స్ కాయిల్స్ అన్నీ పక్కపక్కన పెడితే 1. అన్నీ వరసలో పెడితే 16. ఒక్కో స్పీకర్లో రెండిటినీ వరసలో కలిపి 8 చేసి, ఆ రెండు స్పీకర్లనీ పక్కపక్కన పెడితే 4. రెండు స్పీకర్లనీ సమానంగా పాడించాలంటే వచ్చేవి ఈ మూడే. రెండు రాదు. ఒక్క స్పీకరే పెట్టి దాని కాయిల్స్ రెండూ పక్కపక్కన కలిపితే మాత్రం రెండొస్తుంది. ఈ పెట్టెకి సరిగ్గా సరిపోయే జోడు అదే. నేను ఒకటి కొనాల్సిన చోట రెండు కొన్నాను!

నా మొహం చూసి నవ్వారు. "రెండూ వుంచుకో. 4 ఓమ్స్‌కి కట్టు. పవర్ 300కి తగ్గుతుంది గాని, రెండు నోళ్లు కలిసి పాడతాయి. ఒక్కటి 500తో అరిచినా, రెండు 300తో పాడినా చెవికి పెద్ద తేడా వుండదు. పైగా పెట్టె చల్లగా వుంటుంది."

ట్రంకుపెట్టె అడుగున గొట్టం వెనక బిగించే యూనిట్ ఒకటి కనపడింది. దానిమీద 16 ఓమ్స్ అని వుంది. దాన్ని చేతిలోకి తీసుకోగానే ఆయన గొణిగారు, ఎక్కం అప్పజెప్పినట్టు. "ఒక గొట్టం పదహారు. రెండు గొట్టాలు ఎనిమిది. నాలుగు గొట్టాలు నాలుగు." వెనకటి యాంప్లిఫయర్ల వీపున 4, 8, 16 అని మూడు మరలుండేవి. లోడు ఎంతో ఆ మర దగ్గరే కట్టాలి. నాలుగు గొట్టాలతో నాలుగుకి చేరాక ఇంక కిందికి మర లేదు.

ఆ ఎక్కం వినగానే నాకు 1991 వేసవి గుర్తొచ్చింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తణుకు పక్క పల్లెలో ఓ మోతుబరి గారింట పెళ్లి. నాలుగు గొట్టాలూ కట్టేశారు. పెళ్లికొడుకు మేనమామ వచ్చి, "మా వీధి చివర ఇంకోటి కట్టవయ్యా, డబ్బు పారేస్తాం" అన్నాడు. నాన్నగారు చేతులు కట్టుకుని, "కట్టనండి. పెట్టె మోయదు" అన్నారు. "సెట్టు డొక్కుదని చెప్పరాదూ?" అన్నాడాయన. పందిట్లో అందరూ గొల్లుమన్నారు. నేను సిగ్గుతో గుంజ చాటుకి పోయి నిలబడ్డాను. మా బళ్లో చదివే కుర్రాళ్లిద్దరు ఆ నవ్విన వాళ్లలో వున్నారు. తరవాత ఆ ఇంట రెండు పెళ్లిళ్లయ్యాయి. రెండిటికీ వేరే వూరి మైకుసెట్టే. ఒక్క గొట్టం కట్టి వుంటే ఏం పోయేది, పంతం కాకపోతే - అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. ఆయన వృత్తిలోకి నన్ను రమ్మన్నప్పుడు రానన్నాను. ఆ వద్దనడంలో ఆ పందిరి గుంజ కూడా వుంది.

ఇప్పుడు కాగితం తీసి లెక్క వేశాను. పదహారుని అయిదుతో భాగిస్తే 3.2. నాలుగు కంటే తక్కువ.

"ఆ రోజు కట్టి వుంటే కాలిపోయేదా నాన్నగారూ?" అని అడిగాను. రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

ఏ పెళ్లి, ఎవరు, అని ఆయన అడగలేదు. "చెప్పలేం. రాత్రంతా పాడినా పాడొచ్చు. తాళి కట్టే వేళకి పోయినా పోవచ్చు. మోస్తుందని రాసిలేనిదాన్ని మోయించడం నా వల్ల కాదు" అన్నారు. కాసేపాగి, "నువ్వు గుంజ చాటున నిలబడ్డావు. చూశాను" అన్నారు.

నాకేం మాట్లాడాలో తెలియలేదు. మీటరు తీగలు చుట్టడం మొదలుపెట్టాను. ఆయన ఆ తీగలు నా చేతిలోంచి తీసుకుని, అలా కాదు ఇలా చుట్టాలని చూపించారు.

యాంప్లిఫయరుని కోఠీ గుజరాతీ గల్లీలో బాగుచేయించాను. కాలిన మాస్‌ఫెట్లు మార్చి ఇచ్చారు. ఈసారి తీగలు నేనే కలిపాను. ఆన్ చేసే ముందు మీటరు పెట్టి చూశాను. నాలుగుకి కాస్త తక్కువగా చూపించింది. అప్పుడే మీట నొక్కాను.

మీలో చాలామందికి ఈ సరదా వుండే వుంటుంది. పెట్టె మీది పెద్ద అంకె చూసి మురిసిపోకండి. ఆర్.ఎమ్.ఎస్. ఎంతో, ఎన్ని ఓమ్స్ కంటే తగ్గకూడదో లోపలి కాగితంలో చూడండి. స్పీకరుకి ఒక కాయిలా రెండా, ఒక్కోటీ ఎన్ని ఓమ్స్, ఎలా కలిపితే ఎంతవుతుందో కొనకముందే కాగితం మీద వేసుకోండి. రెండు ఛానెళ్ల పెట్టెని బ్రిడ్జి చేసి ఒకటిగా వాడితే ఒక్కో ఛానెలుకి కనపడేది సగం ఓమ్సే. అలా వాడేటప్పుడు ఎంత తగ్గొచ్చో విడిగా రాసి వుంటుంది, అదీ చూడండి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించండి. ఇక చెవుల సంగతి. 85 డెసిబెల్స్ మోతని రోజుకి ఎనిమిది గంటలు మించి వినకూడదని లెక్క. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ వేళ సగమవుతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది పావుగంట! యాంప్లిఫయరు కాలితే గుజరాతీ గల్లీ వుంది. చెవికి అలాంటి గల్లీ ఎక్కడా లేదు.

ఆ దసరాకి వెళ్లినప్పుడు నాన్నగార్ని కారెక్కించి కాలువగట్టు మీదికి తీసుకెళ్లాను. 'గీతాంజలి' పెట్టాను, నెమ్మదిగా. ఆయన సీటుకి వీపు ఆనించి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి మోకాలి మీద చూపుడువేలు ఆడింది. తాళం కాదది. బేస్ గిటారు ఎటు వెళ్తే వేలు అటే వెళ్తోంది. రెండో పాటకి జేబులోంచి మిషను తీసి, చెవిలో పెట్టుకుని, "మాట కూడా విందాం" అన్నారు.

"ఇంకాస్త పెంచనా నాన్నగారూ?" అన్నాను, ఆశ చావక.

ఈసారి మొదటిసారికే వినపడింది.

"వద్దురా. నాలుగు చాలు" అన్నారు.